తేటేరు వంతు

హస్త కార్తె, ఆదివారం

నిన్నటి లాంచీ బియ్యం, చింతపండు, మందులపెట్టె దింపేసి వెళ్ళిపోయింది. ఇక గాలివానల కాలం గడిచేదాకా ఈ సముద్రపు కట్ట తూము దగ్గర మేం నలుగురమే. వాన తెరిపిస్తే మధ్యలో ఒకసారి వస్తామన్నారు. ఆ మాట ఏటా అంటారు.

తూము రోజువారీ వివరాలు, అంటే పోటు ఎంత, గాలి ఎటు, చక్రాలకి నూనె పెట్టారా లేదా, అవన్నీ షమీమ్ మేడమ్ రాస్తారు. ఇది నా సొంత పుస్తకం. ఆట సంగతులు రాసుకోడానికి పెట్టుకున్నాను. ఆటకి తీర్పరిని నేను. ఎవరి సైన్యం ఎక్కడుందో, ఎవరికి ఏది కనపడిందో, ఏది కనపడకూడదో రాసిపెట్టుకోకపోతే రెండో వారానికే కొట్లాట.

పొద్దున్నంతా కరెంటిచ్చే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు కడిగాం. గంజి తాగాక బల్ల పరిచాం. బల్లంటే పనికిరాదని ఊడదీసిన పాత తూము తలుపు. దాని మీద కట్ట మట్టితో కొండలు, రంపపు పొట్టుకి ఆకుపసరు కలిపి పొలాలు. మూడు దేశాలు.

ఉద్దండం గవరయ్యది. అతను మా ఈతగాడు. నీళ్ళలో మునిగి చేసే పని ఏదున్నా అతనే చెయ్యాలి. శ్రీకాకుళం వైపు మనిషి, ఆవేశం ఎక్కువ. అతని దేశం నిండా కాల్బలమే. నూర్‌గఢ్ షమీమ్ మేడమ్‌ది. తూముకి పెద్ద ఆవిడే. కోటలు కడుతుంది, గుర్రాల్ని దాస్తుంది, అవతలివాడు అలిసిపోయేదాకా కదలదు.

తేటేరు సహాయం బాబాయిది. పూర్తి పేరు దేవసహాయం. తూముల్ని యంత్రాలే నడిపిన రోజుల్నుంచీ ఇక్కడ తలుపులు చూసే లస్కరు. పైన తిరిగే ఉపగ్రహాలు పోయి, యంత్రాల కళ్ళు గుడ్డివయ్యాక, చక్రం చేత్తో తిప్పడం మా అందరికీ నేర్పింది ఆయనే. ఆట బొమ్మలన్నీ ఆయన చెక్కినవే, వల బెండుతోనూ తాటిమట్టతోనూ. వీళ్ళిద్దరి దేశాలకీ కత్తులూ బల్లేలూ చెక్కాడు. తన దేశానికి మాత్రం గేదెల్ని చెక్కుకున్నాడు. ఒక బల్లకట్టు, దాన్ని నడిపే మనిషి, నీళ్ళు తోడే ఆడమనిషి, కునుకు తీసే కాపలావాడు.

"యుద్ధం ఆటకి గేదెలెందుకు బాబాయ్?" అన్నాను.

"యుద్ధం అయ్యాక పాలెవరిస్తారు?" అన్నాడు.

బల్ల మధ్యన దుప్పటి కట్టాం. వారానికో వంతు. ఎవరి ఆజ్ఞ వాళ్ళు నా చెవిలో చెబుతారు. వాళ్ళ వేగులవాళ్ళకి కనపడేంత దూరంలో ఏముందో అది మాత్రమే వాళ్ళ వైపు పెడతాను. రెండు దండులు ఎదురుపడితే గవ్వలు వేస్తాం. పడిపోయిన బొమ్మలు కొబ్బరిచిప్పలోకి వెళతాయి. వచ్చే ఏడు మళ్ళీ లేస్తాయి.

చిత్త కార్తె, ఆదివారం

మూడు రోజులుగా ఎండ. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గి, మునిగిన పాత ఊళ్ళ కరెంటు స్తంభాల తలలు నీళ్ళపైకి తేలాయి. వాటికి పట్టిన గుల్లలు గీకి తెచ్చి గవరయ్య పులుసు పెట్టాడు.

బల్ల మీద గవరయ్యకి నూర్‌గఢ్ మీదికి పోవాలని ఆత్రం. దారి తేటేరు గుండా. దారిమ్మని అడగడానికి దూతగా నన్నే పంపాడు.

"వెళ్ళనీ. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే దాటిపోయే ప్రతి మనిషీ మా చెరువుగట్టు మీద ఒక తట్ట మట్టి వేసిపోవాలి" అన్నాడు బాబాయి.

తీర్పరిగా లెక్క తీసి చూశాను. అంతమంది మట్టి మోస్తే గవరయ్యకి ఒక వంతు మొత్తం పోతుంది. ఈలోపు నూర్‌గఢ్ గుర్రాలు మేలుకుంటాయి.

"ముసిలోడా! ఇది యుద్దమా, కట్ట పనా?" అని దుప్పటికి ఇవతల్నుంచి అరిచాడు గవరయ్య.

"నీకు వచ్చిన పని అదే కదరా" అంది బాబాయి గొంతు.

షమీమ్ మేడమ్ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వడం ఈ కాలంలో అదే మొదలు. గవరయ్య చివరికి మట్టి మోయించాడు. బాబాయి నిజంగానే చిటికెడు మట్టి తెచ్చి ఆ గట్టుకి మెత్తాడు.

స్వాతి కార్తె, శుక్రవారం

సహాయం బాబాయి లేడు.

నిన్న పొద్దున పోయాడు. నేను పంపుల గదిలో ఉన్నాను. నా కళ్ళతో ఏమీ చూడలేదు. విన్నది రాస్తున్నాను.

గాలివాన మొన్నే మొదలైంది. నిన్న పొద్దుటి పోటుకి ఎక్కణ్ణించో ఒక తాటిమొద్దు కొట్టుకొచ్చి తలుపు దిగే తూము గాడిలో ఇరుక్కుంది. ఉక్కు తలుపు సగంలో వేలాడిపోయింది. కింద నుంచి సముద్రం కాలవలోకి తోసుకొస్తోంది. కట్టకి లోపల నాగులదీవి ఊళ్ళన్నీ ఉన్నాయి, కోతకొచ్చిన చేలున్నాయి. గవరయ్యకి ముందురోజే భుజం బెణికింది. బాబాయి నడుముకి తాడు కట్టుకుని తనే దిగాడు. తాడు పట్టుకుని అరుగు మీద గవరయ్య. చక్రం గదిలో మేడమ్. ఆ వానలో గదిలోంచి అరుగు కనపడదు. మధ్యన తీగ ఫోను ఒక్కటే.

తలుపు దిగింది. ఒక పక్కకి ఒరిగి, బెత్తెడు సందు మిగిల్చి, దిగింది. ఊళ్ళు దక్కాయి. తాడు తెగి పైకి వచ్చింది.

మధ్యాహ్నం ఆటుకి తలుపెత్తి చూశాం. ఎవరూ లేరు. సాయంత్రం దాకా కట్ట వెంబడి వెతికాం. సముద్రం ఆయన్ని ఇవ్వలేదు.

"మనిషి కిందుండగా తలుపు దింపేసిందప్పా" అన్నాడు గవరయ్య నాతో. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి అతనికి.

"పైకి వచ్చేశాడని గవరయ్య చెప్పాకే దింపాను దాక్షాయణీ. నా చెవులతో విన్నాను" అంది మేడమ్.

గవరయ్య దగ్గరికి వెళ్ళి అడిగాను. వచ్చేశాడని తను అననే లేదన్నాడు. ఆవిడ అబద్ధమాడుతోందన్నాడు. ఆ మాట మేడమ్‌కి చేరవేశాను. అబద్ధం అతనిదే అంది.

ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఎవరో నాకు తెలియడం లేదు.

స్వాతి కార్తె, చివరి ఆదివారం

కట్ట మీద గస్తీ తిరిగేవాళ్ళు వస్తే కబురు పంపాం. బాబాయి ఇల్లు లోపల పేరుపాలెంలో. భార్య ఉంది, ఎస్తేరమ్మ. మేం ఎవరం వెళ్ళడానికి లేదు. తూముని వదలకూడదు.

గవరయ్యకీ మేడమ్‌కీ మాటల్లేవు. ఉప్పు అందుకోవాలన్నా నాతోనే చెప్పిస్తారు.

ఆట ఆగిపోయిందనే అనుకున్నాను. గంజి తాగాక గవరయ్య తనంతట తనే బల్ల మీద గుడ్డ తీశాడు. నేను వద్దనలేకపోయాను. మేడమ్ కూడా వచ్చి తన చోట కూర్చుంది. దుప్పటి కట్టాను. "తేటేరు వంతు" అని అలవాటుగా నోటికొచ్చేసింది. ఇద్దరూ బాబాయి ముక్కాలిపీట వైపు చూశారు.

పాలకుడు లేని దేశం ఉన్నచోటే ఉండిపోతుందన్నది మేం రాసుకున్న రూలే. జబ్బు చేసినవాళ్ళ కోసం రాసుకున్నాం.

గవరయ్య నా చెవిలో తన ఆజ్ఞ చెప్పాడు. ఉద్దండం సైన్యం మొత్తం, తేటేరు మీదుగా, నూర్‌గఢ్ మీదికి.

విశాఖ కార్తె, ఆదివారం

యుద్ధం తేటేరు పొలాల్లో జరుగుతోంది. నూర్‌గఢ్ గుర్రాలు రేవు దాటి వచ్చి అక్కడే కాచుకున్నాయి. గవరయ్య గవ్వలు విసురుతుంటే ఒకటి ఎగిరి వెళ్ళి నీళ్ళు తోడే ఆడమనిషికి తగిలింది. బొమ్మ పడిపోయింది. ఇద్దరి చేతులూ ఒకేసారి దానివైపు వెళ్ళి, ఒకదాన్నొకటి చూసి, వెనక్కి తగ్గాయి. నేనే నిలబెట్టాను.

ఆయుధం లేనివాళ్ళు పడితే చిప్పలో వెయ్యాలా, వదిలెయ్యాలా? రూలు లేదు. ఇన్నేళ్ళలో అవసరం రాలేదు. బాబాయి ఉన్నన్నాళ్ళు ఎవరూ అక్కడ యుద్ధం చెయ్యలేదు.

అసలు బెంగ వేరే ఉంది. విరిగిన తాటిమొద్దు ముక్క గాడిలోనే ఉండిపోయింది. తలుపు పూర్తిగా మూతపడటం లేదు. ప్రతి పోటుకీ సందులోంచి ఉప్పునీళ్ళు కాలవలోకి దిగుతున్నాయి. కాలవ పక్క చేల చివర్లు ఎర్రబడుతున్నాయని గస్తీవాళ్ళు చెప్పారు. ఇంకో గాలివాన వస్తే ఆ బెత్తెడు సందుతో ఆగదు. ముక్క తియ్యాలంటే తలుపు పైకెత్తి పట్టి ఉంచాలి. దాని కిందకి మనిషి దిగాలి. దిగేది గవరయ్య, చక్రం పట్టేది మేడమ్. నాకు ఆ చక్రం బ్రేకు ఆపే బలం లేదు. ప్రయత్నించి చూశాను.

"రేపటి ఆటుకి దిగమని చెప్పు" అంది మేడమ్.

చెప్పాను.

"ఆ సెయ్యి సక్రం మీదుండగా నాను దిగను" అన్నాడు గవరయ్య.

ఈ జవాబు ఆవిడకి చేర్చలేదు. భుజం ఇంకా తగ్గలేదట అన్నాను.

"భుజం బాగానే ఉంది. బల్ల మీద చూస్తున్నాగా" అంది ఆవిడ.

అనూరాధ కార్తె, శనివారం

లాంచీ వచ్చింది. నూనె పీపాలతోపాటు ఎస్తేరమ్మ పిన్ని దిగింది. పొట్టి మనిషి, తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. వెంటనే వెళ్ళిపోవాలి, ఈశాన్యం మళ్ళీ కమ్ముకొస్తోంది అంటున్నాడు లాంచీ సరంగు. "నువ్వెళ్ళు. నా పని అవలేదు" అందావిడ. లాంచీ వెళ్ళిపోయింది.

అన్నం పెట్టాను. ముట్టలేదు. ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అలకి కొట్టుకుపోయాడని కబురొచ్చింది. నలభై ఏళ్ళు నీళ్ళతో బతికిన మనిషి. అలకి కొట్టుకుపోడు. మా చర్చి దొడ్లో గొయ్యి తవ్వించాను, పెట్టడానికి మనిషి లేడు. ఏం జరిగిందో చెప్పండి."

మేడమ్ నోరు తెరిచింది. గవరయ్య లేచి వెళ్ళిపోబోయాడు. "కూర్చో బాబూ" అంది పిన్ని. కూర్చున్నాడు. కానీ ఇద్దరూ ఒకేసారి మొదలెట్టారు, ఒకరి మాట మీద ఒకరు. రెండు మాటల్లోనే అరుపులయ్యాయి. పిన్ని చెవులు మూసుకుంది.

తర్వాత ఆవిడ గదంతా కలయజూసి బల్ల దగ్గరికి నడిచింది.

"ఇదేనా? ఉత్తరాల్లో ఎప్పుడూ రాసేవాడు. సెలవు దొరికినా ఈ దేశం వదిలి వచ్చేవాడు కాదు. ఆయనది ఏది?"

చూపించాను. గేదెల్ని వేలితో తాకింది. కొబ్బరిచిప్పలో బొమ్మల్ని చూసి అవేమిటంది. చచ్చిపోయినవాళ్ళు, వచ్చే ఏడు మళ్ళీ నిలబెడతాం అన్నాను.

"వాళ్ళ పనే సుఖం" అంది పిన్ని. ఆ ఒక్క మాటే అంది.

అనూరాధ కార్తె, ఆదివారం

ఇవాళ జరిగింది జాగ్రత్తగా రాయాలి.

పొద్దున్నే పిన్ని నన్ను లేపింది. "ఈ మట్టితో మీ తూము కట్టగలవా?" అంది. ముందు నాకు అర్థం కాలేదు. "మీ ఆటలో ఎవరికి కనపడింది వాళ్ళే చెప్పాలట కదా, మధ్యలో మాట్లాడకూడదట కదా. ఆయన చెప్పేవాడు. నిన్న చూశావుగా, ఊరికే అడిగితే అరుచుకుంటున్నారు. మీ పద్ధతిలోనే చెప్పించు."

నూర్‌గఢ్ మైదానం చదును చేసి తూము కట్టాను. అరుగు, చక్రం గది, తలుపుకి ఒక రేకు ముక్క. మధ్యన దుప్పటి. ఒక వైపు మేడమ్, రెండో వైపు గవరయ్య. నేను దుప్పటి చివర నిలబడ్డాను, ఇద్దరూ కనపడేలా. పిన్ని బల్లకట్టు మనిషిని తీసుకుంది. "ఈయన్ని నేను నడుపుతాను" అంది.

గవరయ్య మొహం పాలిపోయింది. కానీ కూర్చున్నాడు.

"మీరు చేసిందీ, మీకు కనపడిందీ, మీరు విన్నదీ. అంతే. అవతలివాళ్ళ గురించి ఒక్క మాట వద్దు" అన్నాను. తీర్పరి గొంతు తెచ్చుకోవడానికి కష్టపడ్డాను. "పోటు పెరుగుతోంది. తలుపు సగంలో ఆగింది. మేడమ్?"

"చక్రం గదిలో ఉన్నాను. కిటికీలోంచి వాన తప్ప ఏమీ కనపడటంలేదు. మట్టం ఎర్రగీత దగ్గరికొచ్చింది."

"గవరయ్యా?"

"అరుగు మీదున్నాను. తాడు నా సేతిలో. పెద్దాయన కిందున్నాడు."

పిన్ని బొమ్మని రేకు కింద పెట్టింది.

"మేడమ్?"

"ఫోను చేశాను. మట్టం గీత దాటింది, మనిషి ఎక్కడ అని అడిగాను."

"గవరయ్యా?"

"ఫోను మోగింది. తాడు వదల్లేను. ఒక సేత్తో తాడు, ఒక సేత్తో ఫోను. సెప్పినాను."

"ఏమని చెప్పావో అదే చెప్పు. ఉన్నదున్నట్టు."

గవరయ్య దుప్పటి వైపు చూస్తూ, ఆ రోజు అరిచినట్టే అరిచాడు: "వచ్చేత్తాడు! ఉండండి, వచ్చేత్తాడు!"

దుప్పటికి అవతల కుర్చీ కిర్రుమంది.

వచ్చేస్తాడు అనే మాట అతని యాసలో వచ్చేత్తాడు. ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్య మాటలు నా నోటి గుండానే నడిచాయి. అతను ఏమన్నాడో నా మాటల్లోకి మార్చి చెప్పాను, ఆవిడ ఏమందో అలాగే. ఆ మాటని అతని గొంతులో ఆవిడ మళ్ళీ వినలేదు. గాలిలో, అరిగిన తీగలో, మధ్యలో ఆ ఒక్క అక్షరం పోతే మిగిలేది వచ్చే... డు. ఆవిడ దాన్ని వచ్చేశాడు అని పూర్తి చేసుకుంది.

"మేడమ్, మీరేం విన్నారు?"

"ఉండండి అన్నది వినపడలేదు. ఇంతే వినపడింది, వచ్చే... వచ్చేశాడు అని. ఇప్పుడు ఇక్కడ విన్నా, ఒక్క క్షణం నాకు అలాగే..." అని ఆగిపోయింది. తర్వాత, "చక్రం వదిలాను. చెయ్యి నాది" అంది.

ఇంక ఆపేద్దామనుకున్నాను. పిన్ని ఆపనివ్వలేదు. బొమ్మ మీద వేలు తియ్యకుండా గవరయ్యని అడిగింది.

"తాడు లాగాడా?"

"లాగినాడు."

"ఎన్నిసార్లు?"

గవరయ్య నేలచూపులు చూశాడు. "ఒక్కసారి."

"ఒక్కసారంటే ఏమిటి మీకు?"

"ఇంకొంచెం తాడిమ్మని. రెండుసార్లైతే పైకి లాగమని. నాను రెండోది కోసం సూస్తున్నానమ్మా. రాలేదు. మొద్దు కదిలిపోతన్నాది, ఇంకొక్క పట్టు అనుకున్నట్టున్నాడు. నాను లాగేసుంటే... ఆయన మాటకి ఆగినాను."

పిన్ని బొమ్మని రేకు కిందనుంచి తియ్యలేదు.

"ఇంట్లోనూ అంతే. అన్నం చల్లారిపోతోందయ్యా అంటే, ఒక్క మేకు కొట్టి వస్తానంటాడు. ఆ ఒక్క మేకూ ఎప్పటికీ అయ్యేది కాదు."

నేను దుప్పటి విప్పేశాను. విప్పాలనిపించింది. మేడమ్ బల్లకి అటు, గవరయ్య ఇటు. మొహాలు ఒకరికొకరు కనపడ్డాయి.

"దారి పొడుగునా తిట్లు సర్దుకుంటూ వచ్చాను" అంది పిన్ని. "ఎవరు చేశారో తెలిస్తే వాళ్ళ మొహాన పోసిపోదామని. ఇప్పుడు వాటినేం చేసుకోను?"

గవరయ్య మోకాళ్ళలో తల దూర్చి ఏడ్చాడు. "ఎవల తప్పూ కాదంటే మరీ కట్టంగా ఉందప్పా" అన్నాడు నాతో. మేడమ్ లేచి అతని దగ్గరకి వచ్చింది. ఏదో అనబోయి అనలేక, అతని పక్కనే నేల మీద కూలబడింది. పిన్ని వెళ్ళి అన్నం వండింది.

జ్యేష్ఠ కార్తె, మంగళవారం

నిన్నటి నుంచీ ఈశాన్యం ఉధృతంగా వీస్తోంది. పెద్దది వస్తోందని మేడమ్ మట్టం గీతలు చూసి తేల్చింది. పొద్దుటి ఆటే ఆఖరి అవకాశం.

"నాను దిగుతాను" అన్నాడు గవరయ్య. నాతో కాదు, మేడమ్‌తోనే అన్నాడు.

ఒక కట్టడి పెట్టుకున్నారు. ఫోనులో ఒకే మాట. పైన, లేదా కింద. ఇంకే మాటా వద్దు. తాడు నేనూ పిన్నీ పట్టుకున్నాం. మేడమ్ తలుపెత్తి బ్రేకు బిగించి పట్టుకుంది.

గవరయ్య నాలుగుసార్లు మునిగాడు. ప్రతిసారీ మేడమ్ గొంతు ఫోనులో, "పైనా, కిందా?" నేను "కింద" అంటాను. మళ్ళీ, "పైనా, కిందా?" "కింద." పిన్ని పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనేమో. నాలుగోసారి మొద్దు ముక్క ఊడి తేలింది. రెండుసార్లు తాడు అదిరింది. ఇద్దరం బలంకొద్దీ లాగాం. గవరయ్య అరుగు మీద పడి దగ్గుతున్నాడు.

"పైన!" అని అరిచాను ఫోనులో.

తలుపు దిగలేదు.

"పైన మేడమ్! పైన!"

ఆటు తిరిగింది. నీళ్ళు రావడం మొదలైంది. తలుపు కదల్లేదు. పిన్ని ఫోను లాక్కుని, "అమ్మా, కుర్రాడు నా కళ్ళెదుట ఉన్నాడు" అంది. అయినా కదల్లేదు. కాలవ గట్టు అంచు దాకా నీళ్ళు పొంగాయి. దగ్గరి చేలోకి ఒక పాయ దిగడం చూశాను.

గవరయ్య లేచాడు. తాడు నడుముకి ఉండగానే, గట్టు వెంబడి తూలుకుంటూ చక్రం గదికి పరుగెత్తాడు. వెనకే నేను. లోపల మేడమ్ బ్రేకు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. వేళ్ళు తెల్లబడిపోయాయి. మమ్మల్ని చూసింది గానీ చూస్తున్నట్టు లేదు.

గవరయ్య ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి.

"వచ్చేసినాను మేడమ్" అన్నాడు. ఒక్కో అక్షరం విడదీసి, చిన్నపిల్లలకి చెప్పినట్టు.

ఆవిడ అతని తడి చొక్కాని పిడికిట్లో పట్టుకుని చూసుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి బ్రేకు వదిలారు. తలుపు నేలకి తగిలిన చప్పుడు కాళ్ళకి తెలిసింది. పూర్తిగా మూసుకుంది.

ఒక చేను పోయింది. మిగతావి ఉన్నాయి. ఆ చేను తన జాప్యం వల్ల పోయిందని మేడమ్ తూము పుస్తకంలో రాసింది. వద్దన్నా వినలేదు.

జ్యేష్ఠ కార్తె, ఆదివారం

గాలి తగ్గింది. ఎండపలకలు కడిగాం, నలుగురం. లాంచీ వచ్చేదాకా పిన్ని ఇక్కడే.

గంజి తాగాక బల్ల చుట్టూ చేరాం. మొదలెట్టాలని ఎవరికీ నోరు రావడం లేదు. పిన్నే బాబాయి ముక్కాలిపీట లాక్కుని తేటేరు ముందు కూర్చుంది.

"ఎవరి వంతు?"

"తేటేరు వంతు" అన్నాను.

"అయితే ముందు మీ ఇద్దరి మనుషుల్నీ నా చేలల్లోంచి తియ్యండి."

"ఒక్క వంతులో అంత దూరం కదలకూడదమ్మా, రూలు" అన్నాడు గవరయ్య.

"కదిలినంత కదలండి. నేనెక్కడికీ పోను."

ఉద్దండం కాల్బలం వెనక్కి తిరిగింది. నూర్‌గఢ్ గుర్రాలు రేవు వైపు మళ్ళాయి. పిన్ని తన దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చూసుకుంది. కొండ మీంచి దిగే ఏరుని వేలితో దారి పట్టింది. వేలు బల్ల అంచు దాకా వెళ్ళి ఆగింది.

"ఈ ఏరు ఎక్కడికి పోతుంది?"

"అంచుకి" అన్నాడు గవరయ్య.

"ఆ తర్వాత?"

పిన్ని తలెత్తింది.

"మీ లోకంలో సముద్రం లేదా?"

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళుగా కొండలు పెట్టాం, కోటలు పెట్టాం, అడవులు పెట్టాం. సముద్రం పెట్టలేదు. పెడదామని ఒక్కరం అనలేదు. బాబాయి కూడా.

"చెవి ఇటివ్వు" అంది పిన్ని. వంగాను. ఆవిడ ఊపిరి వెచ్చగా తగిలింది. "బల్లకట్టు, గేదెలు, నీళ్ళ మనిషి, ఆ నిద్రమొహంవాడు, అందరూ ఏటి వెంట కిందకి నడుస్తారు."

"అంచు దాటా?"

"ఏరు అక్కడితో ఆగిపోదు కదమ్మా. అక్కడ ఏముందో నువ్వు చెప్పాలి. తీర్పరివి."

"ఏమంటోంది?" అంది బల్ల అవతల్నుంచి మేడమ్.

"మీ వేగులకి కనపడే దూరం కాదు" అన్నాను.

చెప్పాల్సింది నేనే. అక్కడేముందో నాకూ తెలియదు. గోదాములో ఇంకో పాత తలుపు ఉండాలి, బల్ల అంచుకి ఆనించడానికి తీసుకురమ్మన్నాను. గవరయ్య ఒక వైపు, మేడమ్ ఒక వైపు పట్టుకుని, గుమ్మంలో పట్టక అడ్డంగా తిప్పుతున్నారు. "పైకెత్తండి" అని అతను, "ఇంకాస్త నీ వైపు" అని ఆవిడ. పిన్ని ఒళ్ళో కట్ట మట్టి పోసుకుని తడుపుతోంది.